రాత్రివేళ హోయ్ ఆన్

ప్రాచీనమైన ఊళ్లను పగటివేళ చూడవలెనని పెద్దలు చెప్పుతారు. శాసనం చదవడానికైనా, శిల్పం పరిశీలించడానికైనా సూర్యకాంతిని మించినది లేదు. మధ్య వియత్నాంలోని హోయ్ ఆన్ పట్టణానికి మాత్రం ఈ మాట చెల్లదు. మిట్టమధ్యాహ్నం ఆ ఊరు ఎండకు వాడిపోయి ఉంటుంది. పసుపుపచ్చని గోడలు కండ్లకు మిరుమిట్లు గొలుపుతవి. దుస్తులు కుట్టి ఇచ్చే దుకాణాలవారు, తాటాకు టోపీలు అమ్మేవారు బాటసారిని ఊపిరి తిరుగనీయరు. ప్రొద్దు క్రుంకి, తూ బోన్ నది మీదినుండి చల్లగాలి మరలిన తరువాతనే ఆ పట్టణం తన వయస్సు చెప్పుకొంటుంది. అందులోను నెలకొక రాత్రి ఉన్నది. ఆ రాత్రి అక్కడివారు విద్యుద్దీపాలు ఆర్పివేస్తారు. ఈ ప్రసంగం ముఖ్యంగా ఆ రాత్రిని గురించి.

ఊరి ఉనికి ముందు చెప్పుతాను. డా నాంగ్ నగరానికి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, తూ బోన్ నది సముద్రంలో కలిసే చోటికి కొంచెం లోపలగా హోయ్ ఆన్ ఉన్నది. నిన్న మొన్నటివరకు అది క్వాంగ్ నామ్ రాష్ట్రంలోనిది. 2025 జూలైలో ఆ రాష్ట్రమంతా డా నాంగ్ నగరపాలనలో కలిసిపోయినది. పాత పేట విస్తీర్ణం 30 హెక్టార్లు మాత్రమే, అనగా ఇంచుమించు 74 ఎకరాలు. మన పల్లెల్లో ఒక మోతుబరి రైతు కమతమంత. అంత చోటులో కొయ్య చట్రాల మీద నిలిచిన కట్టడాలు 1,107 ఉన్నవని లెక్క. 1999లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. వెనుకటి యూరోపియన్ నావికులు ఈ రేవును ఫాయిఫో అని పిలిచేవారు.

ఈ ఊరిని కట్టినది రాజులు కాదు, గాలి. ఈ మాట నేను అలంకారంగా అనడం లేదు. పదునారవ శతాబ్దం చివరినుండి చైనా, జపాను ఓడలు ఈశాన్యపు గాలి మీద సంవత్సరారంభంలో ఇక్కడికి దిగివచ్చేవి. తిరిగి పోవడానికి నైరుతి గాలి కావలె. అది వేసవికి గాని తిరుగదు. ఈ నడుమ నాలుగైదు నెలలు వర్తకులకు ఇక్కడనే మకాం. పట్టు, పంచదార, మిరియాలు, దాల్చినచెక్క, అగరు, పక్షిగూళ్లు కొనేవారు. పింగాణి, వెండి, రాగి నాణాలు అమ్మేవారు. నెలల తరబడి ఉండవలసినవాడు సత్రంలో ఎన్నాళ్లు ఉంటాడు? ఇల్లు కట్టుకొన్నాడు, సరుకు దాచుకొనే కొట్టు కట్టుకొన్నాడు, తన దేవతకు గుడి కట్టుకొన్నాడు. కొందరు పెండ్లి కూడా చేసుకొన్నారు. ఈ దేశాన్ని ఏలే న్గుయెన్ ప్రభువులకు ఉత్తరాన ఉన్న చిన్ ప్రభువులతో వైరం. ఫిరంగులకు, ఖజానాకు విదేశ వర్తకం అవసరం. అందుచేత వారు పరదేశులను ఆదరించినారు. 1618 మొదలు నాలుగేండ్లు ఈ ప్రాంతంలో ఉన్న క్రిస్టోఫొరో బోర్రి అనే ఇటలీ మతగురువు, ఈ ఊరు జపానీయుల పేట, చీనీయుల పేట అని రెండుగా ఉన్నదనీ, ఎవరి చట్టం వారిదనీ వ్రాసినాడు.

అంతకు పూర్వపు కథ మనకు మరి కొంత దగ్గరిది. వియత్నామీయులు రాకముందు ఈ నదీలోయ చంపా రాజ్యంలోనిది. ఆ రాజ్యంలో ఈ భాగానికి పేరు అమరావతి. కృష్ణాతీరపు అమరావతి పేరు సముద్రం దాటి అంత దూరం పోయినది. ఈ నది వెంట ఎగువకు పోతే మీ సోన్ లోయలో చామ్ జాతి వారి ఇటుక దేవాలయాలు కనిపిస్తవి. నాలుగవ శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు అక్కడ భద్రేశ్వరుడనే పేరుతో శివలింగం ప్రతిష్ఠించినాడు. సంస్కృతంలో శాసనం వేయించినాడు. 1969లో యుద్ధకాలపు బాంబుల వల్ల ఆ ఆలయాలలో శ్రేష్ఠమైనవి కూలిపోయినవి. మిగిలినవాటిలో కొన్నింటిని ఇటీవల మన పురావస్తు శాఖవారు వెళ్లి బాగుచేసినారు. 2020లో ఆ త్రవ్వకాలలో ఒక ఏకశిలా లింగం బయటపడినది. ఇదే క్వాంగ్ నామ్ ప్రాంతంలో డాంగ్ జువాంగ్ అనే చోట 1911లో దొరికిన కంచు బుద్ధవిగ్రహంలో మన అమరావతి శిల్పరీతిని చూచిన పండితులున్నారు. హోయ్ ఆన్ వీధులలో చామ్ ఆనవాళ్లు తక్కువ. ఒక బావి ఉన్నది, బా లే బావి అంటారు. కావ్ లావ్ అనే అక్కడి ప్రసిద్ధమైన సేమ్యా వంటకానికి ఆ బావి నీరే కావలెనని పాతకాలపువారి పట్టుదల. చామ్ వారు త్రవ్వినదని చెప్పుతారు. ఆలయాలు కూలినవి, బావి మాత్రం నేటికీ ఊరుతున్నది.

చంద్రమాసంలో 14వ నాటి రాత్రి, అనగా మన లెక్కకు ఇంచుమించుగా శుద్ధ చతుర్దశి నాడు, హోయ్ ఆన్‌లో దీపాలు ఆర్పే ఆచారం ఉన్నదన్నాను కదా. అది తాతముత్తాతలనాటిదని చాలామంది యాత్రికులు అనుకొంటారు. కాదు, 1998లో మొదలైనది. మడిచి పెట్టెలో పెట్టుకొనే వీలున్న పట్టులాంతరు కూడా ఇటీవలి కల్పనే. వెదురును పుల్లలుగా చీల్చి, పురుగు పట్టకుండా నానబెట్టి ఆరబెట్టి, గొడుగు ఊచలవలె కూర్చి, పైన పట్టుగుడ్డ బిగించి జిగురుతో అంటిస్తారు. ఇది తెలిసినప్పుడు కొందరు విద్యావంతులు పెదవి విరుస్తారు; ఇదంతా యాత్రికులకోసం చేసిన వేషమంటారు. ఆ మాటలో సగమే నిజమని నా అభిప్రాయం.

రెండవ సగం చూడవలెనంటే చీకటి పడే వేళకు చాన్ ఫూ వీధిలో నిలబడవలె. లాంతర్లు వెలిగించడానికి ముందే అక్కడ మరొక పని జరుగుతుంది. ఇంటి యజమానురాలు చిన్న బల్ల ఒకటి తెచ్చి గుమ్మం ముందు వేస్తుంది. దాని మీద పూలు, పండ్లు, బియ్యం, ఉప్పు, తేనీరు పెడుతుంది. అగరువత్తులు వెలిగించి మూడుసార్లు వంగి నమస్కరిస్తుంది. పిదప కాగితపు డబ్బు ఒక రేకుడబ్బాలో కాలుస్తుంది. పితృదేవతలకు, దిక్కులేక తిరిగే ఆత్మలకు అది నైవేద్యం. పున్నమికి ముందు ఈ పూజ ఎవరూ 1998లో కల్పించినది కాదు. చాలామంది ఆ రెండు రోజులు శాకాహారమే తింటారు. ఫోటోలు తీసే జనం ఆ బల్లను తప్పించుకొని పోతుంటారు. ఆమె వారిని చూడదు. లాంతర్ల పండుగను ఈ పూజ ఉండే రాత్రికే అమర్చినవారు తెలివైనవారని నేననుకొంటాను. కొత్త వేడుకకు పాత పునాది దొరికినది.

దీపాలు ఆరిన తరువాత కంటికి తోచే మార్పు ఏమిటి? మొదట, ఇంటికప్పు కనిపిస్తుంది. విద్యుద్దీపం వెలుగు అంగడిలోని సరుకు మీద పడుతుంది. మన చూపు అక్కడనే ఆగిపోతుంది. లాంతరు వెలుగు మెత్తనిది. అది దూలాల మీదికి, పెంకుల అంచుల మీదికి ప్రాకుతుంది. ఒకటి బోర్లించి, ఒకటి వెల్లకిల పెట్టి వేసిన పెంకులు అలలవలె కనిపిస్తవి. గుమ్మం పైన కొయ్యతో చెక్కిన రెండు గుండ్రని బిళ్లలు ఉంటవి. వాటిని ఇంటి కండ్లు అంటారు. లోనికి వచ్చేవారి మంచిచెడ్డలు అవి చూస్తవట. పగలు వాటిని ఎవరూ గమనించరు. ఆ రాత్రి అవే మనలను గమనిస్తున్నట్టుంటుంది. సాయంకాలమయ్యేసరికి పాత పేటలోనికి మోటారు వాహనాలు రానివ్వరు గనుక అడుగుల చప్పుడు తప్ప మరేమీ ఉండదు. ఒక నగరం నడుమ మనుష్యుల అడుగులు మాత్రమే వినబడడం ఎంత అపురూపమో పట్నవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇండ్ల నిర్మాణం మన మండువా ఇండ్లను జ్ఞప్తికి తెస్తుంది. సన్నని ముఖం, చాలా లోతు. మధ్య ఆకాశానికి తెరచిన నడవ. టాన్ కీ అనే వర్తకుని ఇల్లు ఒక వీధిలో మొదలై, వెనుక నదీతీరపు వీధిలో ముగుస్తుంది. పడవలోని సరుకు వెనుక గుమ్మాన వచ్చేది, ముందు గుమ్మాన అమ్ముడుపోయేది. లోపలి స్తంభాలకు ముత్యపుచిప్పతో అక్షరాలు పొదిగినారు. ప్రతి గీత ఎగిరే పక్షి ఆకారంలో ఉంటుంది. సంధ్యవేళకే ఆ ఇల్లు మూస్తారు గనుక చీకటి పడకముందే పోయి చూడడం మంచిది. అక్కడి గోడ మీద మరొక వ్రాత ఉన్నది: ఏ సంవత్సరపు వరద ఎంత ఎత్తు వచ్చినదో గీసిన గుర్తులు. 1964 గుర్తు మనిషి తలకు పైన ఉంటుంది. దగ్గరలో ఉన్న ఫుంగ్ హుంగ్ గృహంలో మేడ నేలకు చతురస్రపు మూత ఒకటి అమర్చినారు. నీరు లోనికి వచ్చినప్పుడు సరుకులను తాళ్లతో దాని గుండా మేడ మీదికి లాగేవారు. వరదను ఆపవలెనని వారు ప్రయత్నించలేదు. వరదకు ఒక మెట్టు పైన బ్రతకడం నేర్చుకొన్నారు. 2025 అక్టోబరు చివర కూడా ఈ వీధులన్నిటా పడవలు తిరిగినవి. నీరు తీసిన తరువాత ఊరివారు బురద కడుక్కొని మరల తలుపులు తెరచినారు.

వీధి చివర కప్పుతో కూడిన చిన్న వంతెన ఉన్నది. జపానీయులు 1593లో ఆరంభించినారని ప్రతీతి. వంతెన నడుమ గుడి ఉన్నది గాని బుద్ధుడు లేడు. ఉత్తరదిక్కుకు అధిపతియైన దేవత కొలువై ఉన్నాడు. 1719లో న్గుయెన్ ఫుక్ చూ ప్రభువు ఇక్కడికి వచ్చి, దూరదేశపు అతిథుల వంతెన అని అర్థం వచ్చే పేరు పెట్టినాడు. వియత్నాం 20,000 దాంగ్‌ల నోటు మీది బొమ్మ ఇదే. ఒక కొసను రెండు కోతులు, ఒక కొసను రెండు కుక్కలు కాపలా కాస్తవి. దీని పుట్టుకను గురించి అక్కడివారు చెప్పే కథలో మనకూ పాత్ర ఉన్నది. భూమి క్రింద ఒక మహాజంతువు ఉన్నదట. దాని తోక జపానులో, నడుము వియత్నాంలో, తల భారతదేశంలో! అది కదిలితే భూకంపాలు, వరదలు. దానిని కదలనీయకుండా వెన్నులో దించిన ఖడ్గమే ఈ వంతెన అంటారు. కథ ఎట్లున్నా, ఆ రేవులో కలుసుకొన్న నావికుల భూగోళం ఎంత విశాలమో దీని వల్ల తెలుస్తుంది.

వంతెన కట్టిన జపానీయులు మాత్రం అక్కడ నిలువలేదు. 1635లో వారి ప్రభుత్వం ప్రజలను సముద్రయానం చేయరాదని శాసించినది. విదేశాలలో ఉన్నవారు తిరిగి రావడం కూడా నేరమైనది. ఊరి వెలుపల వరిచేలలో తాని యాజిరోబెయ్ అనే వర్తకుని సమాధి ఉన్నది. 1647లో మరణించినాడు. నిషేధానికి లోబడి స్వదేశం పోవలసి వచ్చి, మనసిచ్చిన వియత్నాం యువతికోసం మరల ఇక్కడికే మరలినాడని చెప్పుకొంటారు. సమాధి ఈశాన్యం వైపు, అనగా జపాను వైపు తిరిగి ఉంటుంది. జపానీయుల తరువాత చీనీయులు ఊరిని నింపినారు. ఫుజియన్ వారు, కాంటన్ వారు, చావ్‌జౌ వారు, హైనాన్ వారు ఎవరి సమాజ మందిరం వారు కట్టుకొన్నారు. ఫుజియన్ వారి మందిరంలో నావికులను కాపాడే థియెన్ హౌ దేవి వెలసి ఉన్నది.

ఆ పిదప నదికి ఇసుక మేట వేసినది. పెద్ద ఓడలు లోనికి రాలేకపోయినవి. 1888లో డా నాంగ్ ఫ్రెంచివారి వశమై, రేవు వ్యాపారం అక్కడికి తరలిపోయినది. హోయ్ ఆన్‌ను లోకం మరచినది. ఆ మరపే దాని పాలిటి వరమైనది. డబ్బు లేనివాడు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడు. యుద్ధం కూడా చాలవరకు ఈ వీధులను తప్పించుకొని పోయినది. 1980లలో కజిమియెర్జ్ క్వియత్‌కోవ్‌స్కీ అనే పోలండు వాస్తుశిల్పి, మీ సోన్ ఆలయాల పనిమీద వచ్చి, ఈ ఊరిని కూడా కాపాడవలెనని పాటుపడినాడు. 1997లో వియత్నాంలోనే మరణించినాడు. రెండేండ్లకు యునెస్కో గుర్తింపు వచ్చినది. ఆయన శిలావిగ్రహం చాన్ ఫూ వీధిలో ఉన్నది. చాలామంది దానిని చూడకుండానే లాంతర్ల దుకాణం వైపు పోతారు.

ఇక నది ఒడ్డు. బాక్ డాంగ్ వీధి పొడవునా ముసలి స్త్రీలు, చిన్నపిల్లలు కాగితపు దొన్నెలలో వత్తి పెట్టి అమ్ముతారు. పడవ ఎక్కి నది నడుమ వాటిని విడువవచ్చు. మన తూర్పు జిల్లాలలో పోలిపాడ్యమి నాడు అరటిదొప్పలలో దీపాలు వదలడం చూచినవారికి ఇది వింత కాదు. ఐతే మన దొప్ప నీటిలో కుళ్లిపోతుంది. ఆ రంగు కాగితాలను ఎవరైనా ఏరవలసినదే. తెల్లవారుజామున పడవల మీద పోయి వలలతో ఏరుతారు. ఆ పని చేసేవారిని ఎవరూ ఫోటో తీయరు. నదికి అవతల ఆన్ హోయ్ లంకలో రాత్రి అంగడి, పానశాలలు, యంత్రసంగీతం. ఇవతల దీపాలు ఆర్పి మౌనం పాటిస్తే అవతల ఆ గోల. ఈ వైరుధ్యాన్ని పాలకులు ఎట్లు సహిస్తున్నారో నాకు బోధపడలేదు.

ఒడ్డునే బాయ్ చోయ్ అనే ఆట సాగుతుంది. దానికి మాత్రం ఒక గంట కేటాయించదగును. వెదురు పందిళ్లలో కూర్చున్నవారికి బొమ్మల బిళ్లలు ఇస్తారు. పాడేవాడు ఒక బిళ్ల తీసి, దాని పేరు చెప్పక, పొడుపుకథ వలె పద్యం అందుకొంటాడు. పేరు చివరికి గాని బయటపడదు. తన బిళ్ల పేరు వచ్చినవాడు కొయ్యగంట కొట్టుతాడు. మూడు కలిస్తే గెలుపు. 2017లో యునెస్కో ఈ కళను కూడా గుర్తించినది. పరదేశులకు పాట అర్థం కాదు. కాని చుట్టూ ఉన్న ఊరిజనం ముందుగానే జవాబు ఊహించి నవ్వుకొనే నవ్వు అర్థమవుతుంది. ఆ రాత్రి హోయ్ ఆన్‌లో యాత్రికులకోసం కాక తమకోసం నవ్వేవారిని నేను చూచినది అక్కడనే.

ఎందుకంటే, అక్కడ అసలు ప్రశ్న లాంతర్లది కాదు, కాపురాలది. ఊరు ప్రసిద్ధికెక్కిన కొలదీ పాత ఇంటి అద్దె పెరిగినది. తాతలనాటి ఇంటిని దుకాణదారుకు అద్దెకిచ్చి, ఆ డబ్బుతో ఊరి వెలుపల కొత్త ఇల్లు కట్టుకొని వెళ్లినవారు అనేకులు. వారిని తప్పుపట్టడం మనకు తగదు. ఏటేట వరద నీరు ఎత్తిపోసుకొంటూ, మేకు కొట్టవలెనన్నా అనుమతి కోరుతూ ఉండుమని ఎవరినైనా ఎట్లు నిర్బంధించగలము? కాని పూజబల్ల వేసే ఇల్లాలు వెళ్లిపోతే ఆ గుమ్మం ముందు మిగిలేది లాంతరు ఒక్కటే. 2024లో వంతెనకు మరమ్మతులు పూర్తిచేసి తెరచినప్పుడు, మరీ కొత్తదిగా కనిపిస్తున్నదని దేశమంతటా వాదోపవాదాలు చెలరేగినవి. రంగు నాలుగు వర్షాలకు మాసిపోతుంది. వెళ్లిన కుటుంబం అట్లు తిరిగి రాదు. ఆ వాదోపవాదాలలో సగం ఆవేశం ఈ సంగతి మీద చూపి ఉంటే బాగుండేది.

ఈ ఊరికి పోదలచినవారికి నా సలహా ఒక్కటి. జనమంతా సంధ్యవేళ వచ్చి, భోజనాలు కాగానే వెళ్లిపోతారు. మీరు అప్పుడు బయలుదేరండి. పది గంటలు దాటిన తరువాత లాంతర్లు ఒకటొకటిగా దించుతారు. పాత అంగళ్లకు రెక్కల తలుపులు ఉండవు; అడ్డపలకలు వరుసగా స్తంభాల గాళ్లలోనికి జార్చుతారు, మన షావుకార్ల కొట్లలోవలె. కొయ్య మీద కొయ్య పడే ఆ చప్పుడు వీధి పొడవునా వినవచ్చు. నది వైపునుండి చాన్ ఫూ వీధి మీదుగా మెల్లగా నడువండి. కొన్ని ఇండ్లలో చివరి పలక పడిన తరువాత సందులోనుండి పితృపీఠం ముందున్న ఎర్రని దీపం కనిపిస్తుంది; పిల్లవానిని కోప్పడే తల్లి గొంతు, గిన్నెలు కడిగే చప్పుడు వినిపిస్తవి; తరువాత లోపలినుండి గడియ పడుతుంది. మరికొన్నింటిలో పనివారు లెక్క చూచుకొని, బయటినుండి తాళం వేసి, సైకిళ్లెక్కి కొత్త ఊరి వైపు వెళ్లిపోతారు.